లాక్‌డౌన్‌లో బ్యాలే: ప్రదర్శన ఆగింది, కంపెనీ కనిపించింది

2020 మార్చి 6న శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాలే కంపెనీ వార్ మెమోరియల్ ఒపెరా హౌస్‌లో నృత్య దర్శకుడు జార్జ్ బాలన్‌షిన్ కూర్చిన ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ మొదలుపెట్టింది. మర్నాడే నగర పాలకులు ఆ భవనంలో పెద్ద కార్యక్రమాలు ఆపేయమన్నారు. నెలల తరబడి రిహార్సల్ చేసిన బ్యాలే ఒక్క ఆటతో ఆగిపోయింది. రెండు వారాలు తిరక్కుండానే న్యూయార్క్, లండన్, పారిస్, మాస్కో థియేటర్లకూ తాళాలు పడ్డాయి. పారిస్ వాళ్లకైతే ఇది దెబ్బ మీద దెబ్బ. పెన్షన్ సంస్కరణలకు వ్యతిరేకంగా జరిగిన సమ్మెతో 2019 డిసెంబర్ నుంచే అక్కడి ఒపెరాలో వరసగా ప్రదర్శనలు రద్దవుతూ వచ్చాయి. క్రిస్మస్ ముందు రోజు డాన్సర్లు పాలే గార్నియే అనే ఒపెరా భవనం మెట్ల మీద, గడ్డకట్టే చలిలో, ‘స్వాన్ లేక్’లోని ఒక ఘట్టం ఆడి నిరసన తెలిపారు. సమ్మె ముగిసి ఊపిరి పీల్చుకునేలోపే వైరస్ వచ్చిపడింది.

అప్పటిదాకా బ్యాలేను దూరం నుంచి ఇష్టపడేవాళ్లకు అందుబాటులో ఉన్నది చాలా తక్కువ. ఏడాదికి కొన్ని సినిమా హాలు ప్రసారాలు, కొన్ని డీవీడీలు, యూట్యూబ్‌లో అరకొర ముక్కలు. ఆ ముక్కల్లో కనిపించేది ఎప్పుడూ పెద్ద తారలే, వాళ్లు గిర్రున తిరిగే ఆ అర నిమిషమే. కంపెనీ అనేది కనిపించేది కాదు. వంద మందికి పైగా రోజూ ఒకేచోట కలిసి సాధన చేసి, ఒకే శైలిని తరం నుంచి తరానికి అందించే వ్యవస్థ అది. పారిస్ ఒపెరా బ్యాలేలో 150 మందికి పైగా డాన్సర్లున్నారు. వాళ్లలో బయటివాళ్లకు పేరు తెలిసేది ఓ పది మందివి. 2020 మార్చి నుంచి దాదాపు ఏడాదిన్నర పాటు ఈ పరిస్థితి తలకిందులైంది. ప్రదర్శనలు లేవు కానీ కంపెనీలు కనిపించాయి. వాళ్ల పొద్దుటి క్లాసు, వాళ్ల పాత రికార్డింగులు, ఎవరు ఎదుగుతున్నారు, ఎవరు సెలవు తీసుకుంటున్నారు, ఎవరెవరు ఇంట్లో జంటలు అన్నదాకా అన్నీ. ఆ రోజుల్లో ప్రేక్షకుడికి దక్కిన అసలైన లాభం ఇదే. థియేటర్లు తెరిచాక చాలా కంపెనీలు తొందరపడి వదిలేసుకున్నదీ ఇదే.

మొదటి వారాల్లో ఎవరి దగ్గర ఏముందన్న దాన్ని బట్టే అంతా నడిచింది. మాస్కోలోని బోల్షోయ్ థియేటర్ మార్చి 27 నుంచి తన యూట్యూబ్ చానల్లో ‘స్వాన్ లేక్’, ‘స్లీపింగ్ బ్యూటీ’, ‘మార్కో స్పాదా’, ‘నట్‌క్రాకర్’ వంటివి ఒక్కొక్కటీ 24 గంటల పాటు ఉచితంగా చూపించింది. లండన్ రాయల్ బ్యాలే కూడా యూట్యూబ్, ఫేస్‌బుక్‌లలో వరసగా పూర్తి నిడివి బ్యాలేలు పెట్టింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మరియిన్‌స్కీ థియేటర్‌కు అప్పటికే సొంత ఆన్‌లైన్ చానల్ ఉంది. ఇంత త్వరగా వీళ్లకు ఎలా సాధ్యమైందంటే, సినిమా హాళ్ల ప్రసారాల వల్ల. రాయల్ బ్యాలే ఉండే రాయల్ ఒపెరా హౌస్, బోల్షోయ్ రెండూ అప్పటికి పదేళ్లుగా ప్రపంచమంతా సినిమా హాళ్లకు ప్రదర్శనలు పంపుతున్నాయి. అందుకోసం ఏడెనిమిది కెమెరాలతో, మంచి శబ్దంతో తీసిన రికార్డింగులు చేతిలో సిద్ధంగా ఉన్నాయి. హక్కుల గురించి ఒప్పందాలు చేసుకున్న అనుభవమూ ఉంది.

అమెరికా కంపెనీలకు ఈ సౌకర్యం లేదు. వాళ్ల దగ్గర రికార్డింగులు లేకపోలేదు. కానీ వాటిలో చాలావరకు రిహార్సల్లో చూసుకోవడానికి, పాత బ్యాలేను కొత్త డాన్సర్లకు నేర్పడానికి ఒక మూల నుంచి తీసినవి. వాటిని బయట పెట్టాలంటే నృత్య దర్శకుడి హక్కుదారులు ఒప్పుకోవాలి, సంగీత హక్కులు తేలాలి, ఆర్కెస్ట్రా యూనియన్, డాన్సర్ల యూనియన్, స్టేజి సిబ్బంది యూనియన్ అన్నీ సరేననాలి. బాలన్‌షిన్ బ్యాలేలకైతే 1987లో ఏర్పడిన బాలన్‌షిన్ ట్రస్ట్ అనుమతి కావాలి. న్యూయార్క్ సిటీ బ్యాలే ఇవన్నీ చక్కబెట్టుకుని ఏప్రిల్ 21న ఆరు వారాల ఆన్‌లైన్ సీజన్ మొదలుపెట్టగలిగింది. ప్రతి మంగళవారం, శుక్రవారం ఒక కొత్త వీడియో. కొద్ది రోజులు ఉండి మాయం. చూసేవాళ్లు చాలామంది విసుక్కున్న విషయమిది. ఎంతో ఇష్టంగా చూసిన బ్యాలే మళ్లీ చూద్దామంటే ఉండేది కాదు. కానీ ఆ గడువు పెట్టడం వల్లే అసలు అనుమతి దొరికింది. శాశ్వతంగా ఉంచుతామంటే ఆ హక్కుల లెక్క వేరే. గడువుకి ఇంకో ఫలితం కూడా ఉంది. వేర్వేరు దేశాల వాళ్లు ఒకే రోజుల్లో ఒకే బ్యాలే చూశారు, దాని గురించే మాట్లాడుకున్నారు. థియేటర్ సీజన్‌కి ఉండే ఊపు కొంతైనా అలా నిలబడింది.

ఇక ఇళ్లలో క్లాసుల సంగతి. బ్యాలే డాన్సర్ ఎంత పెద్ద తార అయినా రోజూ పొద్దున క్లాసు చేయాల్సిందే. బార్ (నడుము ఎత్తున ఉండే కడ్డీ) పట్టుకుని ప్లియే (మోకాళ్లు వంచడం)తో మొదలుపెట్టి, తాందూలు (పాదాన్ని నేల మీదే చాచడం), తర్వాత మధ్యలోకి వచ్చి తిరగడాలు, చివర పెద్ద గెంతులు. ఈ వరస తరతరాలుగా పెద్దగా మారలేదు. ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే డైరెక్టర్, అప్పటికి ఆ కంపెనీలోనే ప్రధాన డాన్సర్ కూడా అయిన తమారా రోహో, లండన్‌లో తన వంటగదిలోంచి ఈ క్లాసు చెప్పడం మొదలుపెట్టారు. న్యూయార్క్ సిటీ బ్యాలే ప్రిన్సిపల్ (అగ్రశ్రేణి డాన్సర్) టైలర్ పెక్ కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్‌లోని తల్లిదండ్రుల ఇంటి నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో క్లాసులు నడిపారు. కంపెనీ డాన్సర్లూ, పిల్లలూ, జీవితంలో ఎప్పుడూ బార్ పట్టుకోని పెద్దవాళ్లూ ఒకే క్లాసులో చేరారు.

ఆ వీడియోలను జాగ్రత్తగా చూస్తే స్టేజి మీద ఎన్నడూ కనపడనివి చాలా కనపడతాయి. వంటగది గట్టు బార్ అవుతుంది. దాని ఎత్తు సరిపోదు కాబట్టి భుజం కాస్త పైకి లేస్తుంది, మరుక్షణం డాన్సర్ దాన్ని గుర్తుపట్టి కిందికి దించుతుంది. కాలు వెనక్కి ఎత్తితే ఫ్రిజ్‌కి తగులుతుంది, అందుకని ఒంటిని కొద్దిగా ఏటవాలుగా తిప్పుకుంటుంది. నున్నటి టైల్స్ మీద పాదం జారుతుంది కనుక బరువు మోపడంలో జాగ్రత్త పెరుగుతుంది. తెలిసినవాళ్లకు ఇవి పాఠాలే. ఒక భంగిమ అందంగా ఎందుకుంటుందో స్టేజి మీద చూస్తే అర్థం కాదు, అన్నీ కుదిరిపోయి ఉంటాయి కాబట్టి. కుదరనిచోట డాన్సర్ చేసే సర్దుబాట్లలో ఆ విద్య ఎంత లోతుదో బయటపడుతుంది.

గెంతులు మాత్రం ఇంట్లో కుదరవు. స్టూడియో నేల కింద స్ప్రింగులా ఒదిగే చెక్క అమరిక ఉంటుంది, పైన వినైల్ షీటు ఉంటుంది. కాంక్రీటు మీద రోజూ గెంతితే మోకాళ్లు, పిక్కలు పాడవుతాయి. కింది అంతస్తు వాళ్లు ఊరుకోరు కూడా. అందుకే చాలా కంపెనీలు డాన్సర్లకు చిన్న చిన్న వినైల్ ముక్కలు పంపించాయి. అవి జారకుండా కాపాడతాయి కానీ దెబ్బను ఆపవు. స్టేజి అంతా కలయదిరిగే పరుగుకు, గాల్లో నిలిచే గెంతుకు కావాల్సిన దమ్ము నెలల తరబడి వాడకపోతే తగ్గిపోతుంది. బ్యాలే డాన్సర్ కెరీర్ అసలే చిన్నది. పారిస్ ఒపెరాలో రిటైర్మెంట్ వయసు 42. ఇరవై ఏళ్ల కెరీర్‌లో ఏడాదిన్నర పోవడం ఎంత టెన్షనో, నవ్వుతూ క్లాసు చెబుతున్న ఆ ముఖాల వెనక ఊహించుకోవచ్చు.

ఇళ్లలోంచి వచ్చిన నృత్య వీడియోల్లో ఎక్కువగా కనిపించింది ‘ది డైయింగ్ స్వాన్’. మిఖాయిల్ ఫోకిన్ అన్నా పావ్లొవా కోసం కూర్చిన మూడు నాలుగు నిమిషాల సోలో. సెన్ సాన్స్ చెల్లో సంగీతం. 2020 జనవరిలోనే బర్మింగ్‌హామ్ రాయల్ బ్యాలే పగ్గాలు చేపట్టిన కార్లోస్ అకోస్టా దీన్ని ఇంట్లో ఆడటానికి వీలుగా మలిచి, ప్రిన్సిపల్ సెలీన్ గిట్టెన్స్‌తో చేయించారు. ఆమె తన ఇంట్లో, వాద్యకారులు తమ ఇళ్లలో. మే నెలలో అమెరికన్ బ్యాలే థియేటర్ ప్రిన్సిపల్ మిస్టీ కోప్‌లాండ్, మాజీ డాన్సర్ జోసెఫ్ ఫిలిప్స్ కలిసి 14 దేశాల నుంచి, 22 కంపెనీల నుంచి 32 మంది బాలెరీనాలను ఈ ఒక్క సోలోలో కలిపారు. పని పోయిన డాన్సర్లకు విరాళాలు పోగు చేయడం దాని ఉద్దేశం. ఒకరి తర్వాత ఒకరు అదే చేతుల కదలికను అందుకుంటుంటే ఒక్కో శిక్షణ పద్ధతి మోచేతిని, మణికట్టును ఎంత భిన్నంగా పలికిస్తుందో పక్కపక్కనే కనిపించింది. మామూలు రోజుల్లో ఈ పోలిక చూడాలంటే దేశాలు తిరగాలి.

ఈ సోలోనే అందరూ ఎంచుకోవడానికి కారణం చావు గురించి కావడమొక్కటే కాదు. పాదాలు ముని వేళ్ల మీద చిన్న చిన్న అడుగులు వేస్తాయి, పనంతా చేతులది, వీపుది. చిన్న గది చాలు. గెంతు లేదు, ఎత్తే భాగస్వామి అక్కర్లేదు. లాక్‌డౌన్‌కు సరిపోయే బ్యాలే దాదాపు ఇదొక్కటే. సరిపోనిదేమిటో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. కోర్ డి బ్యాలే, అంటే గుంపులో ఒకేలా ఊపిరి తీసే ఆ పాతికా ముప్ఫై మంది, ఇళ్లలోంచి సాధ్యం కాదు. పారిస్ ఒపెరా డాన్సర్లు ఏప్రిల్‌లో ప్రొకోఫియెవ్ ‘రోమియో జూలియెట్’ సంగీతానికి ఇళ్లలో, బాల్కనీల్లో, స్నానాల గదుల్లో ఆడిన ముక్కలను దర్శకుడు సెద్రిక్ క్లాపిష్ ఒకచోట కూర్చారు. వైద్య సిబ్బందికి కృతజ్ఞతగా చేసిన ఆ వీడియో మనసుకు హత్తుకుంటుంది. అయితే అలాంటివి ప్రతి కంపెనీ నుంచీ వారానికొకటి రావడం మొదలయ్యాక ఒక సంగతి స్పష్టమైంది. చిన్న చిన్న గడుల్లో విడివిడిగా ఆడేవాళ్లను ఎడిటింగ్ కలపగలదు కానీ, పక్క డాన్సర్ భుజం కదలికను కంటి చివరతో చూసి తన అడుగును సరిచేసుకునే ఆ సమష్టి వినికిడిని పుట్టించలేదు.

అందుకే మళ్లీ కలిసి ఆడే దారులు వెతికారు. ఇక్కడే నియమాలు కళను నేరుగా మలిచాయి. ఒకే ఇంట్లో ఉండేవాళ్లు మాత్రమే ఒకరినొకరు తాకవచ్చు. జూన్ 13న రాయల్ ఒపెరా హౌస్ ఖాళీ హాలు నుంచి ఇచ్చిన మొదటి ప్రసారంలో వేన్ మెక్‌గ్రెగర్ ‘మోర్గెన్’ అనే చిన్న యుగళ నృత్యం చేయించారు. ఆడింది ఫ్రాన్సెస్కా హేవర్డ్, సీజర్ కొరాలెస్. వాళ్లు నిజ జీవితంలోనూ జంట కాబట్టే అది కుదిరింది. జర్మనీలో హాంబర్గ్ బ్యాలేకి చెందిన జాన్ నోయ్‌మయర్ దూరం పాటిస్తూనే మొత్తం కంపెనీ కోసం షూబర్ట్ పియానో సంగీతానికి ‘ఘోస్ట్ లైట్’ కూర్చి, సెప్టెంబర్ 6న ప్రేక్షకుల ముందు పెట్టారు. ఖాళీ స్టేజి మీద రాత్రంతా వెలిగే ఒక్క దీపం దాని కేంద్రం. విడివిడిగా వచ్చిపోయే డాన్సర్ల మధ్య, కలిసి కాపురం చేసేవాళ్లు మాత్రమే చేతులు కలుపుకుంటారు. ఆ నియమం తెలిసి చూస్తే ఒక్కో స్పర్శకు వచ్చే బరువు వేరు. మహమ్మారి కాలంలో పుట్టిన కొత్త బ్యాలేలలో కాలానికి నిలబడేవి కొన్నే. వాటిలో ఇది తప్పకుండా ఉంటుంది.

అమెరికాలో వేరే దారి పట్టారు. కొద్దిమంది డాన్సర్లను పరీక్షలు చేసి, ఊరికి దూరంగా ఒకచోట వారాల తరబడి బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉంచి పని చేయించారు. వీటికి ‘బబుల్’ అని పేరు. అమెరికన్ బ్యాలే థియేటర్ 2020లో కొత్త బ్యాలేలు ఇలాగే తయారు చేసుకుంది. న్యూయార్క్‌కు ఉత్తరాన హడ్సన్ లోయలో కాట్స్‌బాన్ అనే కళాకేంద్రం ఆ ఎండాకాలంలోనే ఆరుబయట స్టేజి వేసి, కొద్దిమంది ప్రేక్షకుల ముందు నృత్యోత్సవం నడిపింది. దాన్ని నడిపిన స్టెల్లా అబ్రేరా కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అమెరికన్ బ్యాలే థియేటర్‌లో చాలా ఏళ్లు పనిచేసి, 2015లో మిస్టీ కోప్‌లాండ్‌తో పాటే ప్రిన్సిపల్ అయిన డాన్సర్ ఆమె. 2020 జూన్‌లో ‘జిజెల్’తో వీడ్కోలు తీసుకోవాల్సి ఉంది. ఆ సీజన్ మొత్తం రద్దయింది. తన వీడ్కోలు పోగొట్టుకున్న మనిషే మిగతా డాన్సర్లకు మొట్టమొదటి స్టేజి సమకూర్చింది. పత్రికల్లో దీనికి దక్కాల్సినంత చోటు దక్కలేదు.

డాన్సర్లను అనుసరించడమంటే ఇలాంటి మలుపులను గమనించడమే. పారిస్ ఒపెరా ఎత్వాల్ (అగ్రస్థాయి డాన్సర్) ఎలియొనోరా అబ్బన్యాతో వీడ్కోలు మొదట సమ్మె వల్ల, తర్వాత కోవిడ్ వల్ల వాయిదాలు పడుతూ 2021 జూన్‌కి జరిగింది. రాయల్ బ్యాలే ఎడ్వర్డ్ వాట్సన్ కోసం ఉద్దేశించిన ‘ది డాంటే ప్రాజెక్ట్’ 2020 నుంచి 2021 అక్టోబర్‌కి జరిగింది, ఆయన అప్పటిదాకా శరీరాన్ని సిద్ధంగా ఉంచుకోవాల్సి వచ్చింది. నలభై దాటిన డాన్సర్‌కి ఆ ఏడాది ఎంత పొడవో వేరే చెప్పక్కర్లేదు.

వీటన్నిటిలో బాగా గుర్తుండిపోయే రాత్రి 2020 డిసెంబర్ 13. పారిస్ ఒపెరా బాస్తీ థియేటర్‌లో ‘లా బయడేర్’ చివరి నిమిషంలో ప్రేక్షకులకు మూతపడింది. మారియస్ పెటిపా 1877లో ఊహల్లోని భారతదేశంలో జరిగేలా కూర్చిన దేవదాసి కథ అది, పారిస్‌లో ఆడేది రుడాల్ఫ్ నురేయెవ్ మలిచిన రూపం. ఒపెరా వాళ్లు దాన్ని తమ కొత్త ఆన్‌లైన్ వేదికలో డబ్బు కట్టి చూసేలా ప్రత్యక్ష ప్రసారం చేశారు. ఒక్కో అంకానికి ఒక్కో ప్రధాన జట్టును పెట్టారు. దాంతో ఒకే రాత్రిలో నాయిక నికియాగా ముగ్గురు, నాయకుడు సోలోర్‌గా ముగ్గురు దొరికారు. మామూలుగా ఇన్ని కాస్ట్‌లు (పాత్రధారుల జట్లు) చూడాలంటే మూడు టిక్కెట్లు, పారిస్‌లో వారం పది రోజుల బస. మూడో అంకంలో ఏటవాలు దారి మీద నీడలు, అంటే ఆత్మలు, ఒక్కొక్కరుగా దిగే దృశ్యం చూస్తే, నెలల ఒంటరి సాధన తర్వాత మళ్లీ ఒకే శ్వాసగా కలవడానికి కోర్ డి బ్యాలే ఎంత కష్టపడిందో తెలుస్తుంది. చివర్లో డాన్సర్లు వేల ఖాళీ కుర్చీలకు నమస్కరించారు. చప్పట్లు లేవు, ఉన్నవి తోటి డాన్సర్లవీ సిబ్బందివీ మాత్రమే. అప్పుడు డైరెక్టర్ అలెగ్జాండర్ నీఫ్ స్టేజి మీదికి వచ్చి, ఆ రాత్రి బంగారు విగ్రహం పాత్ర ఆడిన పోల్ మార్క్‌ను ఎత్వాల్‌గా ప్రకటించారు. ఆ కంపెనీలో అంతకు మించిన హోదా లేదు. హాల్లో ఉన్నవాళ్లు మాత్రమే చూడగలిగే ఆ ఘట్టాన్ని ఈసారి హాల్లో లేనివాళ్లే చూశారు.

ఇలాంటిదే జపాన్‌లో ఇంకోటి. 2021 మే నెలలో అత్యవసర పరిస్థితి వల్ల నేషనల్ బ్యాలే ఆఫ్ జపాన్ ‘కొప్పేలియా’ను ప్రేక్షకుల ముందు ఆడలేకపోయింది. ఒకప్పటి రాయల్ బ్యాలే తార మియాకో యోషిదా అప్పటికి ఆ కంపెనీ డైరెక్టర్. ఒక్క రికార్డింగు పెట్టి ఊరుకోకుండా, నాలుగు కాస్ట్‌లకు నాలుగు రోజులూ ఖాళీ హాలు నుంచి ఉచితంగా ప్రత్యక్ష ప్రసారం చేశారు. ఒకే పాత్రను నలుగురు ఎలా అర్థం చేసుకున్నారో ఒకే వారంలో చూసే అవకాశం అది. రికార్డింగులు విడుదల చేసే చాలా కంపెనీలు చేసే పొరపాటు ఒకటుంది: ‘మొదటి కాస్ట్’ను మాత్రమే కెమెరాకెక్కించడం. దాంతో రెండో, మూడో రోజు ఆడే యువ డాన్సర్లు చరిత్రలో ఆనవాలు లేకుండా పోతారు. జపాన్ వాళ్ల నిర్ణయం ఆ అలవాటుకు మంచి సమాధానం.

కెమెరా గురించి ఓ మాట. బ్యాలేను చిత్రీకరించడంలో ఎప్పటినుంచో ఒక తగాదా ఉంది. ముఖాన్ని దగ్గరగా చూపిస్తే పాదాలు పోతాయి. పాదాలు పోతే సగం బ్యాలే పోయినట్టే. మొత్తం స్టేజి చూపిస్తే డాన్సర్లు చీమల్లా ఉంటారు, భావం అందదు. పాత రికార్డింగులను వరసగా చూసినవాళ్లకు ఏ దర్శకుడు గెంతు మధ్యలో కట్ చేస్తాడో, ఎవరు కాలు నేల తాకేదాకా ఆగుతాడో ఇట్టే తెలిసిపోయింది. కొత్త చిత్రాలు ఈ తగాదాను దాటి వేరే దారి వెతికాయి. 2020 అక్టోబర్‌లో న్యూయార్క్ సిటీ బ్యాలే ఐదుగురు నృత్య దర్శకులతో ఎక్కువగా తన థియేటర్ ఉన్న లింకన్ సెంటర్ ప్రాంగణంలోనే, అక్కడి నీటి కొలనులో సైతం, కొత్త నృత్యాలు చిత్రీకరించింది. మరుసటి మే నెలలో సోఫియా కొప్పోలా అదే కంపెనీ గాలా (విరాళాల వేడుక) కోసం ఖాళీ థియేటర్‌లో ఒక చిత్రం తీశారు. వీటిలో అందమైన క్షణాలున్నాయి. కానీ కొన్నిటిలో డాన్సర్ కన్నా కెమెరానే ఎక్కువ ఆడింది. మొత్తమ్మీద చూస్తే, స్టేజి ముందు ఓపిగ్గా నిలబడ్డ కెమెరాలే బ్యాలేకు ఎక్కువ మేలు చేశాయి.

డబ్బు సంగతి మొదట్లో ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఎత్తక తప్పలేదు. అమెరికాలో ‘నట్‌క్రాకర్’ లేనిదే కంపెనీ బతకదు. న్యూయార్క్ సిటీ బ్యాలే ఏడాది టిక్కెట్ రాబడిలో దాదాపు 45 శాతం ఈ ఒక్క బ్యాలేదే. 1954 నుంచి ఏటా ఆడుతున్న ఆ బ్యాలే 2020లో మొదటిసారి ఆగింది. బదులుగా ముందటేడు తీసిన రికార్డింగును మార్క్యీ టీవీ అనే ఆన్‌లైన్ వేదికలో అద్దెకు పెట్టారు. లండన్‌లో రాయల్ ఒపెరా హౌస్ మొదటి ప్రసారం ఉచితంగా ఇచ్చి, తర్వాతి వారాల వాటికి 4.99 పౌండ్లు, అక్టోబర్ 9న రాయల్ బ్యాలే స్టేజికి తిరిగొచ్చిన రాత్రికి 16 పౌండ్లు తీసుకుంది. ఆ మొత్తాలు ఎంతకని సరిపోతాయి? అదే నెలలో ఆ సంస్థ తన దగ్గరున్న డేవిడ్ హాక్నీ చిత్రాన్ని వేలంలో పెట్టింది. ఒకప్పటి జనరల్ అడ్మినిస్ట్రేటర్ డేవిడ్ వెబ్‌స్టర్ బొమ్మ అది, దాదాపు 1.28 కోట్ల పౌండ్లు పలికింది. గోడ మీది బొమ్మ అమ్ముకునేదాకా వచ్చిన సంస్థ వీడియోలు ఉచితంగా ఎన్నాళ్లు పంచగలదన్నది న్యాయమైన ప్రశ్నే. మొదటి రెండు మూడు నెలల్లో అన్నీ ఉచితంగా ఇవ్వడం వల్ల, ఆన్‌లైన్ బ్యాలేకు డబ్బు కట్టాలనే అలవాటు ఆలస్యంగా మొదలైంది. ఇది కంపెనీలు చేసుకున్న నష్టం. ఉదారంగా చేసిన పనే అయినా నష్టం నష్టమే.

డబ్బు కట్టి చూసే పద్ధతిని మొదటి నుంచీ గట్టిగా పట్టుకున్నవి అమెరికా పశ్చిమ తీరపు కంపెనీలు. సియాటిల్‌లో పసిఫిక్ నార్త్‌వెస్ట్ బ్యాలే 2020–21 సీజన్ మొత్తాన్ని ఆన్‌లైన్ చందాలతో నడిపింది, సొంత స్టేజి మీదే కొత్తగా చిత్రీకరించింది. శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాలే 2021 సీజన్ మొత్తం ఆన్‌లైన్‌లోనే పెట్టి, తాళం పడక ముందు తీసుకున్న ఆ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ రికార్డింగుతోనే మొదలుపెట్టింది. పేరు విన్నా ఎన్నడూ చూడని కంపెనీలను దూర దేశాల వాళ్లు సీజన్ పొడవునా చూసి, అక్కడి సోలోయిస్టుల పేర్లు కూడా గుర్తుపట్టే స్థితికి వచ్చారు. మాస్కో, పారిస్, లండన్, న్యూయార్క్ అనే నాలుగు స్తంభాల చుట్టూ తిరిగే బ్యాలే పటం కొంత వెడల్పయింది.

పాత రికార్డింగులు బయటికి రావడం వల్ల ఇంకోటి జరిగింది. ‘లా బయడేర్’లో, ‘నట్‌క్రాకర్’లో తూర్పు దేశాల మనుషులను చూపించే తీరు, ముఖాలకు రంగు పూసుకోవడం ఇప్పుడు లక్షల మంది కళ్ల ముందుకు వచ్చాయి. 2020లోనే పారిస్ ఒపెరాలో నల్లజాతి, మిశ్రమ జాతి డాన్సర్లు, సిబ్బంది తమ చర్మం రంగుకు తగిన మేజోళ్లు, మేకప్ దగ్గర్నుంచి కథల దాకా మార్పులు కోరుతూ లేఖ రాశారు. దానిపై 2021 ఫిబ్రవరిలో చరిత్రకారుడు పాప్ ఎన్‌డియాయ్, కాన్‌స్టాన్స్ రివియేర్ నివేదిక ఇచ్చారు. బెర్లిన్ స్టాట్స్‌బ్యాలేలో డాన్సర్ క్లోయే లోపెస్ గోమెస్ తాను ఎదుర్కొన్న జాతి వివక్షను 2020 చివర్లో బహిరంగంగా చెప్పారు. స్టేజి ఖాళీగా ఉన్నప్పుడు డాన్సర్ల మాట ముందుకన్నా బాగా వినపడింది. కంపెనీని అనుసరించేవాళ్లు దాని అందంతో పాటు ఇదీ తెలుసుకోవాల్సిందే.

2021 సెప్టెంబర్ నుంచి థియేటర్లు మెల్లగా నిండాయి. న్యూయార్క్ సిటీ బ్యాలే ‘సెరెనేడ్’, ‘సింఫనీ ఇన్ సి’లతో తిరిగొచ్చింది. ఆ శీతకాలం ‘నట్‌క్రాకర్’లో టీకా వేసుకునే వయసున్న 12 ఏళ్లు దాటిన పిల్లలనే తీసుకున్నారు. చిన్న పిల్లల కొలతలకు కుట్టిన దుస్తులన్నీ మార్చాల్సి వచ్చింది. అంత చేసినా డిసెంబర్ చివర్లో ఒమిక్రాన్ మిగిలిన ఆటలను మింగేసింది. తాళాలు తీశాక ఆన్‌లైన్ ప్రసారాలు ఒక్కసారిగా పలచబడ్డాయి. యూనియన్ల తాత్కాలిక ఒప్పందాల గడువు తీరింది, కెమెరా బృందాల ఖర్చు హాల్లో టిక్కెట్లమ్మే రోజుల్లో బరువనిపించింది. న్యూయార్క్ సిటీ బ్యాలే ఆన్‌లైన్ సీజన్లను ఆ స్థాయిలో కొనసాగించలేదు. పారిస్ ఒపెరా, రాయల్ ఒపెరా హౌస్ మాత్రం నెలవారీ చందాతో సొంత వేదికలు నిలబెట్టుకున్నాయి. సియాటిల్ కంపెనీ హాలు తెరిచాక కూడా ఆన్‌లైన్ టిక్కెట్లు అమ్ముతూనే వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడితో బోల్షోయ్ సినిమా హాలు ప్రసారాలు ఆగిపోయాయి. ఆ వీడియోల్లో లక్షల మంది చూసిన ఒల్గా స్మిర్నోవా బోల్షోయ్ వదిలి ఆమ్‌స్టర్‌డామ్‌లోని డచ్ నేషనల్ బ్యాలేలో చేరారు. వంటగదిలో క్లాసు చెప్పిన తమారా రోహో 2022 చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాలేకి డైరెక్టర్‌గా వెళ్లారు.

హాల్లో కూర్చుని చూడటానికి వీడియో సాటి రాదన్న వాదన నిజమే, కానీ ఇక్కడ అది అసలు ప్రశ్న కాదు. ఆ హాలుకు ఎప్పటికీ రాలేని దూరంలో ఉన్నవాళ్లతో పెట్టుకున్న సంబంధాన్ని ఎందుకు తెంచుకోవాలన్నది ప్రశ్న. ప్రతి బ్యాలేను చిత్రీకరించక్కర్లేదు. సీజన్‌కి ఒక బ్యాలేను ఎంచుకుని, దాన్ని ఒక్క మొదటి కాస్ట్‌తో సరిపెట్టకుండా రెండు మూడు కాస్ట్‌లతో, కొన్ని వారాల గడువుతో, సరైన ధరకు పెట్టొచ్చు. నెలకోసారి పొద్దుటి క్లాసు చూపించొచ్చు, దానికి ఒక కెమెరా చాలు. హక్కుదారులు, యూనియన్లు 2020లో కొన్ని వారాల్లోనే ఒక పద్ధతికి ఒప్పుకున్నాయి కాబట్టి ఒప్పందాలు కుదరవన్న మాట నిలవదు. ఆ ఒప్పందాలను శాశ్వతం చేసే చర్చ ఏ కంపెనీలో మొదలైతే, అక్కడి రెండో వరస డాన్సర్ల పేర్లు ఐదేళ్ల తర్వాత కూడా జనానికి గుర్తుంటాయి.